తలలు లెక్కపెట్టొద్దన్న నర్సమ్మ

మా పక్కింటి నర్సమ్మ పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూసింది. పాలు పోసే ఆమె తలుపు తట్టి, పలకకపోయేసరికి నన్ను కేకేసింది. మంచం మీద పక్కకు ఒత్తిగిలి పడుకున్నట్టే ఉంది. చెప్పులు మాత్రం ఎప్పటిలాగే తలగడ కింద భద్రంగా ఉన్నాయి. వీధిలో వాళ్ళంతా వచ్చి, "పుణ్యాత్మురాలు, నిద్దట్లోనే పోయింది" అన్నారు.

ఏడుస్తూ రాయాల్సిన మాటలివి. నేను కోపంతో రాస్తున్నాను. ఎందుకో చెబుతాను, చదివి మీరే చెప్పండి.

నర్సమ్మ పోలండు దేశంలో పుట్టిన యూదురాలు. వయసులో ఉండగా వేలూరు ఆసుపత్రిలో పనికి వచ్చింది. కుష్ఠురోగంతో వంకరపోయిన వేళ్ళను నూనె రాసి, మెల్లగా వంచి, మళ్ళీ ముద్ద కలుపుకునేలా చెయ్యడం ఆమె పని. చిత్తూరు వైపు నుంచి వచ్చిన రోగుల దగ్గరే తెలుగు నేర్చుకుంది. తమిళనాట పుట్టిన మా తెలుగువాళ్ళలో చాలామందిలాగే గలగలా మాట్లాడేది, తెలుగు ఒక్క అక్షరం చదవలేకపోయేది. పని మానేశాక, వేలూరు పక్కనే సత్తువాచారిలో మా పక్కిల్లు కొనుక్కుంది. "మీ ఊరికి పోవా నర్సమ్మా?" అంటే, "యాడికి పోవల్ల? ఆడ నాకెవరుండారు?" అనేది.

చెప్పులు తలగడ కింద పెట్టుకునే అలవాటుకు వీధంతా నవ్వేది. ఇంకో అలవాటు కూడా ఉండేది. నేను ఉరలగడ్డల, అదే బంగాళాదుంపల, తోలు తీసి పారేయబోతే చేతిలోంచి లాక్కునేది. కడిగి, ఉప్పూ కారం వేసి పెనం మీద వేయించి, నాకే తెచ్చి పెట్టేది. "తిను. ఇది తోలు కాదు, తిండి" అనేది గద్దిస్తున్నట్టు. రుచిగానే ఉండేది, ఆ మాట చెప్పాలి.

ఆ అలవాట్ల వెనక ఏముందో మాకు తెలిసింది మా మామ వల్ల. మా అమ్మ తమ్ముడు, గుడియాత్తంలో బిల్డింగు మేస్త్రి. నర్సమ్మ ఇంటి వెనక ఒక గది కట్టడానికి ఒప్పుకుని తన మనుషులతో వచ్చాడు. మేస్త్రీలకు ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు అందర్నీ వరసలో నిలబెట్టి, పుల్లతో చూపిస్తూ తలలు లెక్కపెట్టుకుంటారు. సిమెంటు కలిపే ఆడవాళ్ళకు పేర్లుండవు, అందరూ చిత్తాళ్ళే. మామ కూడా పుల్ల తీసుకుని ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టాడు.

ఇంట్లోంచి పెద్ద కేక. నర్సమ్మ గబగబా బయటికొచ్చింది.

"నా వాకిట్లో లెక్కపెట్టొద్దు! పేరు పెట్టి పిలువు!"

మామ బిత్తరపోయాడు. "కూలి ఇయ్యాలంటే కణక్కు, లెక్క సరిపోవల్ల కదా నర్సమ్మా? నేనేం తప్పు చేసినాను?"

ఆమె ఇసక కుప్ప మీద కూలబడింది. నేను నీళ్ళిచ్చాను. తాగి, మామ వైపే చూస్తూ చెప్పింది.

"యుద్ధం కాలంలో జర్మనీవాళ్ళు వచ్చి, మా ఊర్లో ఒక మూలకు యూదులందర్నీ తోలి సుట్టూ గోడ కట్టించినారు. కట్టింది మా చేతుల్తోనే అప్పా, మేస్త్రివి, నీకు అర్థమవుతాది. ఒక్కో గదిలో మూడు నాలుగు సంసారాలు. పని చేసేటోళ్ళకు ఒక చీటీ ఇస్తారు, అది ఉంటేనే ఆడ ఉండనిచ్చేది. మా అమ్మకు చేతులు వణుకుతాయి, ఆయమ్మకు చీటీ ఇయ్యలేదు. ఒక పొద్దున వచ్చి లారీ ఎక్కించినారు. అంతే. నన్నూ మా చెల్లెల్నీ తుపాకి గుండ్లు చేసే ఫ్యాక్టరీకి తోలినారు. కూలి లేదు, రంగు నీళ్ళట్లాంటి గంజి. ఉరలగడ్డ తోలు దొరికితే ఆ పొద్దు పండగే. చెప్పులు తల కింద పెట్టుకోకుంటే తెల్లారికి ఉండవు. చెప్పుల్లేకుంటే మంచులో కాళ్ళు పోతాయి, కాళ్ళు పోతే మనిషీ పోయినట్టే."

చిత్తాళ్ళందరూ చుట్టూ చేరారు.

"పొద్దున్నే మంచులో నిలబెట్టి లెక్క. నెంబరే, పేరు లేదు. కణక్కు తప్పితే మళ్ళా మొదట్నించీ. రాత్రి సచ్చినోళ్ళను గూడా మోసుకొచ్చి వరసలో పెట్టల్ల, లెక్క సరిపోవల్ల కదా? ఒక పొద్దున మా చెల్లెలు అట్లనే ఉండాది నా పక్కన. లెక్క సరిపోయింది."

మామ చేతిలోని పుల్ల పారేశాడు. "నేనేమన్నా ఆ పాపిష్టోళ్ళ మాదిరినా నర్సమ్మా?" అన్నాడు.

"కాదు నాయనా. నువ్వు కూలి ఇస్తావు, సాయంత్రం వీళ్ళు ఇంటికి పోతారు. అదీ ఇదీ ఒకటని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కానీ నా వాకిట్లో మనిషికి పేరుండాల."

మామ తన దగ్గర ఏళ్ళ తరబడి సిమెంటు కలుపుతున్న ఆడమనిషి వైపు తిరిగి, "నీ పేరేమమ్మా?" అని అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మునెమ్మ" అంది. "ఇన్నాళ్ళకు అడిగినావా మేస్త్రీ, సంతోషం" అని కూడా అంది. ఆ రోజు నుంచీ మామ దగ్గర పేర్ల పిలుపే. పిలిస్తే "ఉండా" అనాలి, ఉన్నానని.

ఆ సాయంత్రం నేనడిగాను, "మరి నిన్ను మేమంతా నర్సమ్మ అంటాండాము కదా?" అని.

"అది నా పనికి పేరు, నాకిష్టమే. అసలు పేరు మా అమ్మ పెట్టింది. పిలిచేటోళ్ళు ఎవరూ మిగల్లేదు. నేను పోయినప్పుడు ఒక్కసారి గట్టిగా పిలవండి. మా అమ్మనీ, చెల్లెల్నీ గూడా. వాళ్ళకు గోరీ లేదు." మూడు పేర్లూ నాకు నేర్పింది. నాలుక తిరిగేదాకా వదల్లేదు.

ఇప్పుడు మంగళవారం సంగతి. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. మా నగర్ సంఘం కార్యదర్శి వచ్చాడు. రిటైరైన పెద్ద ఆఫీసరు, చదువుకున్నవాడు. ఈ మధ్యే మైకు సెట్టు కొన్నారు కాబట్టి మైకు కూడా వచ్చింది. నేను దగ్గరికెళ్ళి, మూడు పేర్లు చెప్పాలి, ఆమె కోరిక, అన్నాను. "ఆ పాత కథలన్నీ ఇప్పుడెందుకమ్మా, వ్యాను వెయిటింగులో ఉంది" అని తనే మైకు పట్టుకున్నాడు.

ఏమన్నాడో తెలుసా? "ఈవిడ మన వీధికి హిట్లర్! చెత్త వేస్తే ఊరుకునేది కాదు, నీళ్ళు వృథా చేస్తే ఊరుకునేది కాదు. ఏం డిసిప్లిన్! విదేశీ సరుకుకు దేశం తలుపులన్నీ తెరిచారు, కట్టడి లేకుండా పోయింది. ఇలాంటి హిట్లర్లు నలుగురుంటే మనం బాగుపడతాం" అన్నాడు. జనం తలలూపారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు!

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె తల్లిని లారీ ఎక్కించినవాడి పేరు, ఆమె చెల్లెలి శవాన్ని వరసలో నిలబెట్టి లెక్కపెట్టించినవాడి పేరు, ఆమె శవం మీదే పూలదండలా వేస్తారా? వెళ్ళి మైకు లాక్కున్నాను. "ఆ పేరు వెనక్కి తీసుకోండి. ఈమె అమ్మను చంపింది వాడే" అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయదగ్గవి కావు. కార్యదర్శి, "ప్రేమగా అన్నాను కదమ్మా" అని నొచ్చుకున్నాడు. "చావు దగ్గర గొడవెందుకు" అని ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని లాగారు. మైకు ఆపేశారు. వ్యాను బయల్దేరింది.

మన బళ్ళలో బెత్తం పట్టిన ప్రతి హెడ్మాస్టరూ హిట్లరే, కోడలిని అదిమిపెట్టే ప్రతి అత్తా హిట్లరే. నవ్వుకుంటాం, మెచ్చుకుంటాం. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది, మూలమూలకూ ఎస్టీడీ బూతు వచ్చింది, ప్రపంచమంతా మన వాకిట్లోకొచ్చిందని మురిసిపోతున్నాం. గోడ అవతలి మనిషికి ఏం జరిగిందో మాత్రం మనకు అక్కర్లేదు. తెలియకపోవడం తప్పు కాదు. చెబుతుంటే మైకు ఆపడం తప్పు. ఈ కోపం నాకు చల్లారదు, చల్లార్చుకోను కూడా.

ఆసుపత్రి వాళ్ళు సమాధుల తోటలో ఒక మూల చోటిప్పించారు. వీధి వాళ్ళు మట్టి వేసి తొందరగా వెళ్ళిపోయారు. అప్పుడొచ్చాడు మామ, గుడియాత్తం బస్సు దిగి, ఆ గది కట్టిన మనుషులందర్నీ వెంటబెట్టుకుని. జరిగింది చెప్పాను. తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు.

"ఆ పేర్లు నా చెవిలో చెప్పు పాపా. పిలిచేది నా పని."

చెప్పాను. రెండు మూడుసార్లు లోపల గొణుక్కుని నేర్చుకున్నాడు. గోరీ తల దగ్గర నిలబడ్డాడు, పొద్దున్నే పని దగ్గర నిలబడినట్టే. మొదట నర్సమ్మ పేరు పిలిచాడు, తోట అవతలికి వినిపించేటట్టు. ఆ పేరు ఇక్కడ అచ్చువేయను. దాన్ని గట్టిగా పిలవమంది గానీ, రాయమనలేదు.

ఎవరు పలుకుతారు?

మునెమ్మ ముందుకొచ్చింది. వంగి పిడికెడు మట్టి తీసింది. సిమెంటుకు పగిలిన చెయ్యి.

"ఉండాది మేస్త్రీ" అంది, మట్టి వేస్తూ.

తర్వాత మామ నర్సమ్మ తల్లి పేరు పిలిచాడు.

"ఉండాది."

చివరికి నర్సమ్మ చెల్లెలి పేరు పిలిచాడు. మునెమ్మ మూడో పిడికిలి చాలాసేపు తెరవలేదు. తర్వాత ఆ మట్టిని మెల్లగా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, అక్క పక్కన పెట్టింది.

"ఉండాది."