చుమో తరంలో మిగిలిన ఒక్కరు

కెన్యాలోని మా నండి కొండల్లో ఒకే కాలంలో యుక్తవయసు దీక్ష పొందిన మగవాళ్లంతా ఒక తరం. వయసు అడిగితే పెద్దవాళ్లు సంవత్సరం చెప్పరు, ఆ తరం పేరే చెబుతారు. అరాప్ బిర్గెన్‌ది చుమో తరం. నేను పనిచేసే ల్యాబులో ఆయన చీటీ మీద సుమారు ఎనభై ఎనిమిదేళ్లని రాసేవాణ్ణి. ఒకే తరంవాళ్లు ఒకరినొకరు ఎంతైనా తిట్టుకోవచ్చు. చిన్న తరంవాళ్లకు ఆ హక్కు లేదు.

మా ఊళ్లో ఆయన కాక మిగిలిన చుమో తరంవారు అరాప్ మెటో ఒక్కరే. ఇద్దరూ ల్యాబు బయట బల్లమీద కూర్చునేవారు.

"ఒరేయ్ బోసినోటి దుమ్ములగొండీ, ఇంకా చావలేదా?"

"నిన్ను పాతిపెట్టి గాని పోనురా!"

మార్చి పదకొండున మెటోను పూడ్చారు. మరుసటి వారం రక్తపరీక్షకు వచ్చిన బిర్గెన్, నేను సూది తీశాక కూడా కుర్చీలోంచి లేవలేదు.

"నన్నొకసారి తిట్టరా," అన్నారు.

"నేను కప్లెలాచ్ తరంవాణ్ణి తాతా. తప్పు కదా."

"ఎవరూ వినరులే. ఒక్కసారి ఒరేయ్ అను."

తలుపు మూసి వచ్చాను. "ఒరేయ్..." అన్నాను. ఆ వెంటనే నా నోటినుంచి "తాతగారూ" అని వచ్చేసింది.

ఆయన మోచేతి మడతలో దూదిని నొక్కిపట్టుకున్నారు.

"పోనీలే నాయనా, మర్యాద తెలిసినవాడివి," అని కర్ర అందుకున్నారు.