వరలక్ష్మి మేడం తుంగచాప

ఈ ఉదయం స్కూలు వరండాలో అడుగు పెడుతూనే ఎండిన తుంగ వాసన ముక్కుకు తగిలింది. మా ఆయా అప్పలనరసమ్మ స్టోర్‌రూం సర్దుతూ ఒక పాత చాపను బయటికి తీసి, పిట్టగోడ మీద ఎండలో వేసింది. అంచు గుడ్డ ఊడిపోయింది. ఒక మూల ఎలుకలు కొరికేశాయి. అయినా చూడగానే పోల్చుకున్నాను. అది వరలక్ష్మి మేడం చాప. చోడవరంలోని మా ప్రైవేటు స్కూలుకు నాకన్నా ముందు ఆవిడే హెడ్‌మిస్ట్రెస్. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా, ఆ చాప నాకేం నేర్పిందో ఇంకా తేలలేదు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే మేడం నాలుగు ముద్దలు తిని, తన గదిలో చాప పరుచుకుని, లోపల గడియ పెట్టుకుని పడుకునేవారు. మళ్ళీ గంట కొట్టేదాకా ఆ తలుపు తెరుచుకునేది కాదు. నేను టీచరుగా చేరిన కొత్తలో ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి మనవడి సీటు కోసం సరిగ్గా ఆ వేళకే వచ్చాడు. తలుపు తట్టమని అప్పలనరసమ్మకు సైగ చేశాను. ఆమె కదలలేదు. "మేడం తొంగున్నారు బాబూ, కూకోండి" అని ఆయనకే బెంచీ చూపించింది. ఆయన మొహం కందగడ్డయింది. గంట కొట్టాక మేడం చెదిరిన జుట్టు సర్దుకుంటూ బయటికొచ్చి, "చాలాసేపయిందేటండీ వచ్చి?" అని నవ్వుతూ పలకరించారు. అంతేగానీ, క్షమించమని మాత్రం అనలేదు. ఆ ధైర్యానికి ముచ్చటపడాలో, ఇదేం పొగరు అనుకోవాలో నాకు అర్థం కాలేదు.

మా ఊరి సంగతి తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా చుట్టుపక్కల అంతా చెరకే. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్, అంటే చెరకు ఆడడం, మొదలైందంటే రైతు ఇంట్లో ఎవరికీ ఊపిరి సలపదు. చెరకు కొట్టాలి, బండికెత్తాలి, ఫ్యాక్టరీ దగ్గర తూకం కోసం వరుసలో కాయాలి. అందుకని పన్ను సలిపినా, చూపు మసకబారినా, కడుపులో గుచ్చినట్టున్నా అందరిదీ ఒకటే జవాబు: "క్రషింగ్ అయ్యేక చూద్దాం." చిత్రమేమిటంటే, సెంటు భూమి లేనివాళ్ళు కూడా ఇదే మాట అంటారు. మా నాన్న పోస్టాఫీసు గుమస్తా. ఆయన కళ్ళజోడు కూడా క్రషింగ్ అయ్యేదాకా ఆగింది. మేడం మాత్రం ఆ మాట చెవినపడితే మండిపడేవారు. "క్రషింగ్ అవ్వడం ఏటి? అదయ్యేక నాట్లొస్తాయి, నాట్లయ్యేక పెళ్ళిళ్ళొస్తాయి. మన ఒంటి వంతు ఎప్పుడొస్తాదమ్మా?" అనేవారు.

నా ఒంటి వంతు స్కూలు మెట్ల మీద వచ్చింది. రెండో పిల్ల పుట్టాక మళ్ళీ డ్యూటీలో చేరిన రోజులవి. ఇంట్లో అందరికీ వండి పెట్టి, నేను తినడానికి టైము చాలక ఖాళీ కడుపుతో బయల్దేరేదాన్ని. ఒక మధ్యాహ్నం నోటుపుస్తకాల కట్టతో మెట్లెక్కుతుంటే కళ్ళు బైర్లు కమ్మి కూలబడిపోయాను. మేడం నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి, తన కేరేజీలోని అన్నం తినిపించి, చాప పరిచారు.

"పడుకో."

"నైన్త్ క్లాసుకి వెళ్ళాలి మేడం."

"నేను వెళ్తన్నాను. నువ్వు గడియ పెట్టుకో. ఎవరు తట్టినా తియ్యకు. నేను తట్టినా సరే."

పడుకున్నాను గానీ, నిద్ర ఎక్కడిది! పై అంతస్తు నుంచి ఆవిడ పాఠం చెబుతున్న గొంతు వినిపిస్తుంటే, దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది. సాయంత్రం ఆ మాటే చెబితే, "అలవాటు లేక. రేపూ రా" అన్నారు.

రేపూ వెళ్ళాను, ఎల్లుండీ వెళ్ళాను. మెల్లగా వేళకు తినడం, పొద్దున్నే కాసేపు నడవడం కూడా అలవాటయ్యాయి. "పొద్దున్నే వీదులు కొలవడానికి ఎల్తందేటి మా కోడలు? అవెక్కడికీ పారిపోవు" అని మా అత్తగారు పక్కింటావిడతో అనేది. అన్నా నడిచాను. పిల్లలకు పాలు కలిపే పని మా ఆయన మీద పడింది. మొదట్లో విసుక్కున్నా, తరవాత పంచదార డబ్బా ఎక్కడుంటుందో తెలుసుకున్నాడు.

ఒక ఏడాది టెన్త్ పరీక్షలు అయ్యాయో లేదో, మేడం విశాఖపట్నంలో ఆస్పత్రిలో చేరారని తెలిసింది. కడుపులో గడ్డ. నెలల తరబడి నొప్పి ఉందట. మాతో ఎప్పుడూ "గేస్" అనేవారు. డాక్టరు స్కాన్ రాసిస్తే, "టెన్త్ పరీక్షలయ్యేక" అని వాయిదా వేశారట. ఆస్పత్రి వరండాలో వాళ్ళాయన ఇదంతా చెబుతుంటే నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. క్రషింగ్ మాటకు అంత మండిపడే మనిషి, పిల్లల పరీక్షలను తన క్రషింగ్ చేసుకున్నారా?

మంచం దగ్గర అడిగేశాను కూడా. "అందరికీ చెప్పేరు కదా మేడం, మీరెందుకు వెళ్ళలేదు?"

"ఏటో పద్మా, నాకే తెలీడం లేదు. భయమేసిందేమో" అన్నారు. తరవాత మంచినీళ్ళు అడిగారు. ఆ వానాకాలం దాటలేదు.

కొన్నాళ్ళకు వాళ్ళాయన ఆవిడ సామాను కోసం స్కూలుకు వచ్చారు. మధ్యాహ్నం నిద్ర ఆవిడకు ఎప్పటి అలవాటని అడిగితే ఆశ్చర్యపోయారు. "పగలు పడుకోడమా? ఇంట్లో నేనెప్పుడూ చూడలేదమ్మా. ఆదివారం కూడా కుదురుగా కూర్చునేది కాదు." ఆ చాపను ఇక్కడే వదిలేసి వెళ్ళారు.

అప్పటి నుంచీ నాకిదే తిరకాసు. ఆ గడియ వెనక ఆవిడ విశ్రాంతి తీసుకున్నారా, నొప్పిని దాచుకున్నారా? నొప్పితో ముడుచుకు పడుకున్న మనిషిని చూసి నేను ఆరోగ్యపాఠం నేర్చుకున్నానా? అప్పలనరసమ్మను అడిగితే ఒకరోజు, "సాప ముందు నుంచీ ఉందమ్మా, నెప్పి తరవాతొచ్చింది" అంటుంది. ఇంకోరోజు, "ఏటో, లోపల ఎవులు సూసేరు?" అంటుంది. ఆవిడ మమ్మల్ని మోసం చేశారని అనడానికి నాకు నోరు రాదు. ఆవిడ చెప్పింది విని నేను బాగుపడ్డాను. చెప్పిన ఆవిడ మాత్రం లేరు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చూసినా లెక్క కుదరదు.

ఇన్ని ప్రశ్నలు వేసే నా సంగతి చూడండి. కిందటి నెల స్నానం చేస్తుంటే రొమ్ములో ఒకచోట చేతికి గట్టిగా తగిలింది. అనకాపల్లిలో డాక్టరమ్మ స్కాన్ చేయించుకోమంది. ఎప్పుడు వెళ్దామని నిన్న మా ఆయన అడిగితే, "టెన్త్ పరీక్షలు అవనీ" అన్నాను. రోజూ నడుస్తున్నాను, వేళకు తింటున్నాను, మధ్యాహ్నం గడియ పెట్టుకుని నడుం వాలుస్తున్నాను. ఇన్ని చేస్తున్నాను కాబట్టి ఈ ఒక్కటీ ఆగితే ఏమవుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మేడం కూడా అలాగే అనుకున్నారేమో! పిట్టగోడ మీది ఆ చాప దగ్గర నిలబడ్డప్పుడు ఈ మాటే తట్టింది. ఇవాళే వెళ్దామని వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను.

మధ్యాహ్నం గంట కొట్టారు. నేను గడియ పెట్టుకోలేదు. బ్యాగు తీసుకుని, గది తాళాలు అప్పలనరసమ్మ చేతిలో పెట్టాను.

"ఎవులైనా వస్తే మేడం తొంగున్నారని సెప్పనా?" అంది అలవాటుగా.

"వద్దు. స్కాన్ తీయించుకోడానికి అనకాపల్లి వెళ్ళిందని చెప్పు."

ఆమె చాప చుట్టడం ఆపి నా మొహంలోకి చూసింది. లోపలికెళ్ళి నా కేరేజీ తెచ్చి బ్యాగులో కుక్కింది.

బస్సులో మా ఆయన పక్కన కూర్చున్నాను. "భయమేస్తంది" అన్నాను. మేడం ఆస్పత్రి మంచం మీదకి చేరాకగానీ అనలేకపోయిన మాట అది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. బస్సు ఊరు దాటింది. అన్నం వేళయిందని, చెయ్యి విడిపించుకుని ఒళ్ళో కేరేజీ మూత తీశాను.