వెట్టూ, డాంపూ, మా నాయనమ్మ చెయ్యీ

నా చిన్నప్పుడు మా ఇంటి మొత్తానికి ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. తొమ్మిదో తరగతికే నా పొగరు అంతా ఇంతా కాదు. పురుగుమందు డబ్బా మీద పేరు చదివినా చాలు, మా నాన్న పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. మాది పెనుగంచిప్రోలు. మిర్చి పండించే ఇల్లు.

ఒకరోజు మా ఇంగ్లీషు మాస్టారు వెట్ అనే మాటకూ డాంప్ అనే మాటకూ తేడా ఏమిటో మర్నాడు చెప్పమన్నారు. నా చిన్న డిక్షనరీలో రెండింటికీ తడి అనే ఉంది. రెండూ ఒకటేనని తేల్చేసి పుస్తకం మూసేశాను. అచ్చులో ఉన్నదానికి తిరుగేముంటుంది?

ఆ సాయంత్రం కళ్లంలో మిరపకాయలు రాశి పోసి ఉన్నాయి. మా ఏడాది కష్టమంతా ఆ రాశే. తెల్లారితే గుంటూరు వెళ్లే లారీ వస్తుంది. నాన్న గోతాల పనిలో ఉండి, కాయ ఆరిందో లేదో చూడమని నన్ను పురమాయించాడు. రాశి చుట్టూ తిరిగాను. ఎక్కడా తడి కనిపించలేదు. ఆరిపోయింది, ఎత్తించెయ్యమన్నాను. చదువుకున్న పిల్ల మాట కదా, నాన్న నమ్మాడు.

కూలీలు మొదటి గోతం విప్పుతుండగా మా నాయనమ్మ వచ్చి ఆగమంది. నా చెయ్యి పట్టుకుని మోచేతి దాకా రాశి అడుగుకు తోసింది. లోపల చల్లగా తగిలింది. బయటికి తీస్తే చేతికి చుక్క నీళ్లు లేవు. పైకాయ ఒకటి నా చెవి దగ్గర ఆడించింది, గింజలు గలగలమన్నాయి. అడుగుకాయ ఆడించింది, చప్పుడే లేదు.

"తడి కంటికి కనపడుద్దే పిల్లా. చెమ్మ కనపడదు, చేత్తో తెలుసుకోవాలి. ఇట్టాగే గోతాల్లో కుక్కితే నాలుగు రోజుల్లో బూజు పట్టుద్ది" అంది.

 కాయ మళ్లీ ఎండబోయాలని, మూడు రోజులాగి రమ్మని నాన్న లారీకి కబురు పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. 

మర్నాడు బడికి రెండు కాయలు పట్టుకెళ్లాను. ఒకదాన్ని కుళాయి కింద తడిపాను. రెండోది రాశి అడుగున తీసినది. తడిపినది వెట్, తుడిస్తే పోతుంది. రెండోది డాంప్, తుడిచినా పోదు అని చెప్పాను. మాస్టారు కాయలు రెండూ తిప్పి తిప్పి చూసి, ఎవరు చెప్పారని అడిగారు. డిక్షనరీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చివరికి, "మా నాయనమ్మండి" అన్నాను.

ఆదివారం ఆయన సైకిలు మీద మా కళ్లానికి వచ్చి నాయనమ్మకు నమస్కారం పెట్టారు. ఆవిడ ఊరుకుందా? ఆయన చెయ్యి కూడా రాశిలో పెట్టించింది. "ఇప్పుడు చెప్పండి మాస్టారూ, ఎత్తించొచ్చా?" అంది. ఆయన అడుగుదాకా తడిమి చూసి, ఎత్తించొచ్చన్నారు. కాయ ఎర్రగా, నిగనిగలాడుతూ లారీ ఎక్కింది.

తరవాత నేను నందిగామలో ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పాను. రెండు మాటలూ ఒకటేనని ఏ పిల్ల అన్నా, ఇంటికెళ్లి ఆ పని చేసే చేతుల్ని అడిగి రమ్మని పంపేదాన్ని. ఇంత ఇంగ్లీషు ఎవరు నేర్పారండీ అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. కాగితం మీద వేలిముద్ర వేసే మా నాయనమ్మ అని తలెత్తుకుని చెబుతాను.