ఎలీసమ్మ కొలతకు సరిపోయిన కుక్క

శ్రీకాకుళంలో నాగావళి గట్టుకు దగ్గరగా ఉన్న ఒక సందులో ఎలీసమ్మ జాకెట్లు కుడుతుంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. ఆమె కుట్టిన చెయ్యి భుజం దగ్గర ముడత పడదని ఊళ్ళో పేరు. భర్త బెన్హర్ ఆర్టీసీ డ్రైవరు, పాతపట్నం రూటు. తెల్లారేసరికి డ్యూటీకి వెళ్ళి పొద్దుగూకే వేళకు వస్తాడు. కూతురు షాలిని డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. పగలంతా ఇంట్లో ఎలీసమ్మ ఒక్కతే.

ముప్ఫయ్యైదో ఏట మొదలై ఆమెకు చెవులు తగ్గుతూ వచ్చాయి. చెవి మిషను పెట్టుకుంటే, ఎదురుగా కూర్చున్న మనిషి పెదాలు చూస్తూ మాట బాగానే పట్టుకుంటుంది. అయితే కుట్టు మిషను నడిచినంతసేపూ చెవిలో మిషను గరగరలాడి తలనొప్పి తెప్పిస్తుంది. అందుకని పనిలో కూర్చునే ముందు దాన్ని తీసి డబ్బాలో పెడుతుంది. ఇక అప్పుడు వీధిలో లారీ బోల్తా పడినా ఆమెకు తెలియదు. బెన్హర్ కాలింగ్ బెల్లుకు ఎర్ర బల్బు కలిపించాడు గానీ, కళ్ళు సూది మీద ఉన్న మనిషికి గోడ మీద బల్బు ఎక్కడ కనిపిస్తుంది?

పోయినేడు మాఘమాసంలో కళింగపట్నం నుంచి కూర్మమ్మ అనే చేపల వ్యాపారం చేసుకునే ఆవిడ, పెళ్ళికూతురైన తన కూతురు గౌరిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లీకూతుళ్ళు అరగంట తలుపు కొట్టారు. లోపల మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. గిరాకీ ఎక్కువై ఈవిడకి మదం పట్టిందనుకుని, పెళ్ళి జాకెట్లన్నీ ఇంకొకరికి ఇచ్చేసి వెళ్ళిపోయారు. సాయంత్రం ఆ సంగతి గౌరి, జాకెట్ల కోసం ఇచ్చిన నంబరుకు ఫోను చేసి షాలినికి చెప్పింది. షాలిని తల్లికి చెప్పింది.

ఎలీసమ్మ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. "నాకు మదమా? ఆ పిల్ల పెళ్ళికి నాను కుట్టాలని ఎంత ఆశపడ్డాను!" అంది.

తల్లిని ఊరడించడానికే అన్నట్టు షాలిని తన ఫోనులో ఒక వీడియో చూపించింది. ఏదో దేశంలో చెవులు వినపడని ఒక ముసలాయన కుర్చీలో పేపరు చదువుతున్నాడు. తలుపు దగ్గర ఎవరో బెల్లు కొట్టారు. కుక్క పరుగున వచ్చి ఆయన మోకాలి మీద కాలు వేసింది. ఆయన లేచి వెళ్ళి తలుపు తీశాడు. అంతే వీడియో. ఎలీసమ్మ దాన్ని పదకొండుసార్లు చూసింది. పన్నెండోసారికి ఫోను పక్కన పెట్టి గట్టిగా అరిచింది.

"మనం కుక్కని తెద్దాం!"

ఆ మాటతో ఇల్లంతా లేచి కూర్చుంది. బెన్హర్‌కి చిన్నప్పటి నుంచీ కుక్కంటే ఒకటే లెక్క. "పోలీసు కుక్క తెద్దామే, ఎలీసా. జర్మన్ షెపర్డ్. దాన్ని సూస్తే మన గుమ్మం ముందర ఒక్కడు నిలబడడు."

"నాకు గుమ్మం ముందర మనుషులు నిలబడాల బావా. ఒక్కరూ నిలబడకపోతే జాకెట్లు ఎవులికి కుట్టమంటావు?"

షాలిని హస్కీ కావాలంది. నీలం కళ్ళట, ఫొటోల్లో రాజసంగా ఉంటుందట.

"అది మంచులో తిరిగే కుక్కే. మే నెలలో ఈ రేకుల కింద నాకే ఊపిరాడదు, దానికెలాగ ఆడతాది?"

పక్కింటి లక్ష్మణమ్మ గోడ మీంచి తల పెట్టి, తెల్లటి పమేరియన్ అయితే ముద్దుగా ఉంటాదనీ, ఇంటికి కళ వస్తాదనీ చెప్పింది. అందరి మాటలూ విన్నాక ఎలీసమ్మ ఒక్క మాటే అంది. "మీకందరికీ గుడ్డ ముందు నచ్చేస్తన్నాది. నాను కొలత తీసుకున్నాకే గుడ్డ సూస్తాను."

మరుసటి ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే తల్లీకూతుళ్ళూ బెన్హరూ కుక్కలను చూడ్డానికి బయల్దేరారు. మొదట కాంట్రాక్టరు శివాజీ ఇంటికి. అక్కడ నల్లటి లాబ్రడార్ ఉంది. ఎలీసమ్మ చెవి మిషను తీసి చేతిలో పట్టుకుని, వీధి వైపు వీపు పెట్టి కూర్చుంది. షాలిని బయటికి వెళ్ళి గేటు బాదింది. లాబ్రడార్ ఆనందంగా గేటు దగ్గరికి పరిగెత్తి షాలిని చేతులు నాకింది, మొహం నాకింది, ఇక అక్కడే ఉండిపోయింది. ఇంట్లో ఉన్నవాళ్ళకి కబురు చెప్పాలన్న ధ్యాసే లేదు దానికి. షాలిని వెంట అది లోపలికి వచ్చాక, తీరా లేవబోతే ఎలీసమ్మ చేతిరుమాలు కనిపించలేదు. దాని చివరి అంచు కుక్క నోట్లోకి జారిపోవడం బెన్హర్ కళ్ళారా చూశాడు.

"మాయింట్లో నేలంతా పీలికలూ హుక్కులూను. ఇదొస్తే సాయంత్రానికి దాని కడుపులో ఒక జాకెట్టు తయారవుతాది," అంది ఎలీసమ్మ.

అక్కడి నుంచి లక్ష్మణమ్మ చెల్లెలింటికి వెళ్ళారు. పమేరియన్ మాత్రం అదరగొట్టింది. గేటు చప్పుడుకు గొంతు చించుకుని అరిచింది, యజమానురాలి దగ్గరికీ గేటు దగ్గరికీ మూడుసార్లు తిరిగింది. ఎలీసమ్మ సంతోషంతో దాన్ని ఒళ్ళోకి ఎత్తుకుంది. దింపాక చూసుకుంటే నల్ల చీర కుచ్చిళ్ళ నిండా తెల్లటి వెంట్రుకలు! నల్లటి పట్టు జాకెట్టు మీద ఇవి పడితే బ్రష్షుతో ఎంతసేపు ఏరాలి? ఆమె దాన్ని వదల్లేక వదల్లేక వదిలింది.

చివరిగా బెన్హర్ పట్టుబట్టి తన తోటి డ్రైవరు ఇంట్లో జర్మన్ షెపర్డ్‌ని చూపించాడు. అది లేచి నిలబడగానే బెన్హరే రెండడుగులు వెనక్కి వేశాడు. ఎలీసమ్మ కుట్టే గదిలో మిషనుకీ ఇస్త్రీ బల్లకీ మధ్య ఇరవై అంగుళాల దారి ఉంది.

"దీన్ని మన గదిలో తిప్పాలంటే రివర్సు గేరు కావాల," అని ఒప్పేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఎలీసమ్మ కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాసింది. వెంట్రుక పొట్టిగా ఉండాలి. మిషను కింద, తన కాళ్ళ దగ్గర పట్టాలి. చప్పుడైతే ఊరుకోకూడదు. వచ్చి తనను ముట్టుకోవాలి. చిన్న ఇంట్లో ఇమడాలి. బెన్హర్ ఆ కాగితం జేబులో పెట్టుకుని మర్నాడు పాతపట్నంలో మురళీమోహన్‌కి చూపించాడు. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. బస్టాండు దగ్గర టీ కొట్టులో రోజూ కలుస్తాడు.

మురళీమోహన్ కాగితం చదివి పెద్దగా నవ్వాడు. "బాబూ, ఇది మాయింట్లో ఉన్న కుక్కే గదా! డాషండ్. పిల్లలెట్టి రెండు నెల్లు దాటినాది. మీ ఆవిడిని తీసుకురా."

మర్నాడు ఎలీసమ్మ భర్త నడిపే బస్సులోనే, ముందు సీట్లో కూర్చుని పాతపట్నం వెళ్ళింది. దారి పొడుగునా ఆమె కాలు ఒక చోట నిలవలేదు. రెండుసార్లు "ఇంకా ఎంతసేపు బావా?" అని అందరికీ వినబడేలా అడిగింది. కండక్టరు నవ్వుకున్నాడు.

మురళీమోహన్ వాకిట్లో తల్లి కుక్కను చూడగానే బెన్హర్ మొహం వాడిపోయింది. ముంగిసంత పొడుగు ఒళ్ళు, జానెడు కూడా లేని కాళ్ళు, నేలకు వేలాడే చెవులు. "ఇదేటి, కాళ్ళు సగమే ఇచ్చి పంపినాడు దేవుడు?" అన్నాడు.

ఎలీసమ్మ ఆ మాట వినలేదు. సంచిలోంచి టేపు తీసి నేల మీద కూర్చుంది. కుక్క భుజం ఎత్తు తొమ్మిది అంగుళాలు. ఇంట్లో కుట్టు మిషను బల్ల కింద తన కాళ్ళ పక్క సందు పన్నెండు.

"పడతాది! బావా, పడతాది!" ఆమె అరుపుకు పక్క వాకిళ్ళవాళ్ళు బయటికి వచ్చారు.

మురళీమోహన్ ఎదురుగా కూర్చుని, ఆమెకు తెలిసేలా నెమ్మదిగా మాట్లాడాడు. "అమ్మా, దాచకుండా సెప్తాను. ఇది మొండి జాతి. ఒకసారి సెప్తే వినదు, ఇరవై సార్లు సెప్పాల. మొరగడం ఎక్కువ. నడుం పొడుగు కాబట్టి మెట్లెక్కించకూడదు, మంచం మీంచి గెంతనివ్వకూడదు. ఎన్నుపూస దెబ్బతింటే మనిషికంటే ఎక్కువ బాధ పడతాది. ఒళ్ళు పెరగనివ్వకూడదు."

"మాది కిందిల్లే బాబూ. మొండితనం అంటారా, నాకూ ఉన్నాది."

మూడు పిల్లలను వాకిట్లో వదిలారు. ఎలీసమ్మ చెవి మిషను తీసి, గోడ వైపు తిరిగి పీట మీద కూర్చుంది. బెన్హర్ వెళ్ళి రేకు గేటును దబదబా బాదాడు. ఒక పిల్ల తల్లి పొట్ట కిందకి దూరింది. ఒకటి మొరుగుతూ గేటు దాకా ఉరికింది. మూడోది, కాఫీ గింజ రంగున్న ఆడపిల్ల, సగం దూరం పరిగెత్తి, ఆగి, రెండు అరుపులు అరిచి, వెనక్కి తిరిగింది. గబగబా వచ్చి ఎలీసమ్మ పాదం మీద పడి గోళ్ళతో గీరింది.

"ఇదే!" ఎలీసమ్మ దాన్ని రెండు చేతుల్తో ఎత్తేసుకుంది.

"బయపడి వచ్చినాది గావాలమ్మా," అన్నాడు మురళీమోహన్ ఉన్నమాట ఉన్నట్టుగా.

చెవి మిషను పెట్టుకున్నాక ఆ మాట మళ్ళీ చెప్పించుకుని ఆమె నవ్వింది. "బయమో బుద్దో, నాకాడికే వచ్చినాది గదా!"

తిరుగు బస్సులో దానికి బాబిన్ అని పేరు పెట్టింది. మిషనులో అడుగున తిరిగే దారపు కండె పేరు అది. కుట్టు తెలిసిన ఆడవాళ్ళు ఇద్దరు వెనక సీట్లోంచి వంగి చూసి, సరిగ్గా ఉందన్నారు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఇల్లు ఇల్లులా లేదు. షాలిని పొద్దునా సాయంత్రం బయట నిలబడి బెల్లు కొట్టేది. బాబిన్ మొరిగితే ఏమీ లేదు. వచ్చి ఎలీసమ్మ పాదం గీరితేనే ఉడికించిన గుడ్డు ముక్క. మొదటి పది రోజులూ బాబిన్ గుడ్డు పళ్ళెం దగ్గరే కూర్చుని మొరిగింది. తర్వాత కాకి వాలినా, పిల్లి దాటినా, లక్ష్మణమ్మ బట్టలుతికినా పరిగెత్తుకొచ్చి పాదం గీరడం మొదలెట్టింది. ఒకరోజు ఎలీసమ్మ పదిహేడుసార్లు లేచి తలుపు తీసింది, పదిహేడుసార్లూ ఎవరూ లేరు. బాబిన్ కొలతల టేపు సగం నమిలేసింది. ఎవరిదో జాకెట్టు లైనింగు లాక్కెళ్ళి మంచం కింద దాచుకుంది.

"తిరిగిచ్చేద్దామేటే?" అన్నాడు బెన్హర్ ఒకనాడు.

"ఇరవై సార్లు సెప్పాలని ఆయన ముందే అన్నాడు బావా. నాను ఇంకా పద్దెనిమిదిలోనే ఉన్నాను."

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం వాన కురుస్తోంది. షాలిని కాలేజీలో ఉంది. ఎలీసమ్మ బడి యూనిఫారాలు కుడుతోంది. కాలి మీద గోళ్ళు తగిలాయి. కాకేమోనని ఆమె కాలితోనే మెల్లగా తోసింది. మళ్ళీ గీరింది. మళ్ళీ తోసింది. ఈసారి బాబిన్ చీర అంచు పళ్ళతో పట్టి లాగి, తలుపు దాకా పరిగెత్తి, వెనక్కి వచ్చి, మళ్ళీ లాగింది. ఎలీసమ్మ విసుక్కుంటూ లేచి తలుపు తీసింది.

గుమ్మంలో జగ్గమ్మ. చివర వీధిలో ఉండే పాత ఖాతాదారు. నెత్తి మీద గోనెసంచి, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన గుడ్డల మూట. పిలవడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

ఎలీసమ్మ పరుగున లోపలికి వెళ్ళి చెవి మిషను తగిలించుకుని వచ్చింది. "పిలిసినావా జగ్గమ్మా? ఎన్నిసార్లు పిలిసినావు?"

"రెండుసార్లే పిలిసినాను. ఏటైనాది?"

"రెండుసార్లే! రెండుసార్లకే తలుపు తీసినాను!" అంటూ తడిసిన జగ్గమ్మను అలాగే కౌగిలించుకుంది. గుడ్లన్నీ అయిపోయాయని గుర్తొచ్చి, మధ్యాహ్నం తినడానికి ఉంచుకున్న చేపలోంచి ముళ్ళు తీసి బాబిన్‌కి పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ బెన్హర్‌కి ఫోనులో మాట రికార్డు చేసి పంపింది. ఆయన పాతపట్నం బస్టాండులో బండి ఆపాక దాన్ని విని, టీ కొట్టు దగ్గర మురళీమోహన్‌కి వినిపించాడు. టీ తాగుతున్నవాళ్ళంతా మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నారు. అందులో ఆమె మాటలకంటే బాబిన్ మొరుగుడే ఎక్కువ వినిపించింది.

ఇప్పుడు పనికి కొదవ లేదు. తలుపు కొట్టినవాళ్ళు నిమిషం తిరక్కుండా లోపల ఉంటున్నారు. ఇంకో సంగతి కూడా జరిగింది. ఆ చుట్టుపక్కల కుక్కను తెచ్చుకోవాలనుకున్న ప్రతివాళ్ళూ ఎలీసమ్మను అడగడం మొదలుపెట్టారు. అందరికీ బాబిన్ లాంటిదే కావాలి. మొన్న పక్క వీధి గురమ్మ కూడా అదే అడిగింది. ఆమెకు ఆమదాలవలస దారిలో మామిడి తోట ఉంది. కోతులు కాయ నిలవనివ్వడం లేదు.

"ఓలమ్మ, నీ తోటకి ఇదేటి సేస్తాది? గడ్డిలో దిగితే నీకే కనిపించదు," అంది ఎలీసమ్మ. "నీకు పొడుగు కాళ్ళు కావాల. ఎండకీ వానకీ తట్టుకోవాల. దానికి జాతి కుక్కెందుకు? మా చర్చి వెనక ఊరకుక్క నాలుగు పిల్లలెట్టి మూడు నెల్లు దాటినాది. అందులో ఒక ఎర్రది ఉన్నాది, ఎవులు రాళ్ళేసినా ఎనక్కి తగ్గనేదు. అది నీ తోటకని పుట్టినాది."

"ఇప్పుడుంటాదా అక్కడ?"

"ఉంటాది, పద!" ఎలీసమ్మ కుడుతున్న జాకెట్టు అలాగే మిషను మీద వదిలేసి, చెప్పులు వేసుకుని, బాబిన్‌ను చంకలో పెట్టుకుని, గురమ్మ కంటే ముందే వీధిలోకి దిగి ఆటోను కేకేసింది.