ఎనిమిదితో భాగించని ఫైలు

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. భయమంటూ ఉంటే అది మా టెలిఫోన్ లైనంటేనే. మదనపల్లెలో డిగ్రీ చదివి, ఏ ఉద్యోగమూ నన్ను పిలవకపోవడంతో, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పుంగనూరులో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. రెండు కంప్యూటర్లు, ఫోన్ లైనుకు తగిలించే ఒక మోడెమ్. మోడెమ్ డబ్బా మీద యాభై ఆరు అని ఉండేది. మా లైను దాన్ని పట్టించుకోకుండా ఇరవై ఆరు, మరీ హుషారుగా ఉంటే ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది ఇచ్చేది.

అవి సెకనుకు వచ్చే కిలోబిట్లు. ఫైళ్లను కొలిచేది కిలోబైట్లలో. ఎనిమిది బిట్లయితే ఒక బైటు, అంటే ఎనిమిదితో భాగించాలి. ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది కాస్తా సెకనుకు మూడు పాయింట్ ఆరు కిలోబైట్లు అవుతుంది. ఈ భాగహారం తెలియని వాళ్లు నా అంగట్లో ప్రశాంతంగా కూర్చునేవాళ్లు. తెలిసిన నేను కూర్చోలేకపోయేవాణ్ని.

పక్క వీధి సుబ్బమ్మ కొడుకు మునిరత్నం కువైట్‌లో ఎడారి మధ్య ఏదో సైటులో పని చేసేవాడు. అతని కూతురికి నామకరణం. వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. పేరు మొదట తండ్రి నోటి నుంచి బిడ్డ కుడి చెవిలో పడాలి. సైటులో ఫోన్ లేదు. అందుకని ముందే పట్నంలోని ఆఫీసుకు వెళ్లి, అక్కడి కంప్యూటర్లో పేరు రికార్డు చేసి మెయిల్‌లో పంపాడు. ఏం పేరో భార్య రెడ్డెమ్మకు కూడా చెప్పలేదు.

ముందు రోజే ఫైలును మెయిల్‌లోంచి నా కంప్యూటర్లోకి దించి పెడతానన్నాను. సుబ్బమ్మ ఒప్పుకోలేదు.

"బిడ్డ కంటే ముందు ఇంగో చెవి వినగూడదప్పా. నువ్వు దించుకున్నాక వినకుండా ఉంటావా?"

ఉండేవాణ్ని కాదు. వాదించలేదు.

"అదెంత సేపు పెద్దమ్మా, రెండు నిమిషాల పని. నేను లెక్కేసినా" అన్నాడు రెడ్డెమ్మ తమ్ముడు శివ. మదనపల్లెలో కంప్యూటర్ డిప్లొమా చేస్తున్నాడు. మెయిల్ తెరిచి సైజు చూసింది అతనొక్కడే.

మరుసటి రోజు పొద్దున ఊయల, పసుపు కుంకుమ, అయ్యవారు, పాడే ఆడవాళ్లు అందరూ నా అంగట్లోకి వచ్చారు. అంగడి నిండిపోవడంతో ఒక కంప్యూటర్ మీద అరటిపండ్లు పెట్టారు. శివ లెక్క మీద భరోసాతో ముహూర్తం దాటడానికి పది నిమిషాలుండగా తీరిగ్గా దిగారు. దాటితే ఆషాఢం, మళ్లీ శ్రావణం దాకా బిడ్డకు పేరు లేనట్టే.

మెయిల్ తెరిచాను. ఫైలు మూడు మెగాబైట్లు. పదిహేడు సెకన్ల మాట. బిడ్డకు రెండు చెవులుంటాయని కాబోలు, స్టీరియోలో రికార్డు చేశాడు. తెర మీద 'మిగిలిన సమయం పద్నాలుగు నిమిషాలు' అని పడింది.

"శివా, ఎనిమిదితో భాగించినావా?"

"యాల భాగించాల అన్నా?"

రెడ్డెమ్మ బిడ్డను గట్టిగా పట్టుకుని నా మొహంలోకి చూసింది. "అయిపోతాదా అన్నా?" నేను తెర వైపు తిరిగాను.

అప్పుడు తెర మీద ఫైలు ఎంత దిగిందో చూపే గీత పరుగెత్తింది. నా మోడెమ్ జీవితంలో అలా పరుగెత్తలేదు. ఆడవాళ్లు అందుకున్న పాట రెండో చరణం కూడా పూర్తి కాలేదు, ఫైలు దిగిపోయింది. గోడ గడియారం చూశాను. రెండు నిమిషాల లోపే. శివ చెప్పిన సమయమే, భాగించకుండా.

హెడ్‌ఫోన్ బిడ్డ తల కంటే పెద్దది. సుబ్బమ్మ దాని ఒక వైపును కుడి చెవి దగ్గర పట్టుకుంది. అందరూ బిడ్డ మొహం మీదికి వంగారు. బిడ్డ ఆవలించింది.

"ఏం పేరే తల్లీ? సెప్పవే!" అని ఆడవాళ్లంతా బిడ్డను అడగడం మొదలుపెట్టారు. నేను వైరు లాగి స్పీకర్లకు పెట్టాను. మునిరత్నం గొంతు అంగడంతా నిండింది. "చైత్రా... చైత్రా... చైత్రా... రేయ్ శివా, కుడి చెవిలోనే పెట్టినారా?" రెడ్డెమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది. అయ్యవారికి కూడా నవ్వాగలేదు. ఆ రోజు అరటిపండ్లు మా వీధి కుక్కల దాకా అందాయి.

సాయంత్రం తలుపు వేసి అదే ఫైలు మళ్లీ దించాను. పద్నాలుగు నిమిషాలు పట్టింది. లైను తన పరువు తను కాపాడుకుంది.

ఎక్స్ఛేంజీ వాళ్లు ఆ పూట ఏదో మంచి లైను ఇచ్చారనుకుందామన్నా కుదరదు. మోడెమ్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే కేబుల్ ఉంది కదా, దాని గరిష్ఠ వేగమే నూటపదిహేను కిలోబిట్లు. అంటే బయట ఎంత వేగంగా వచ్చినా, ఆ చివరి మూరెడు దాటడానికే మూడున్నర నిమిషాలు కావాలి. మోడెమ్ ఫైలును నొక్కి చిన్నది చేసి తెచ్చినా, మళ్లీ విప్పాకే ఆ కేబుల్ దాటించాలి. కుప్పంలో ఇద్దరు కంప్యూటర్ లెక్చరర్లను అడిగాను. ఒకాయన గడియారం తప్పన్నాడు. ఇంకొకాయన టీ తెప్పించాడు.

శివకు బిట్లూ బైట్లూ తర్వాత ఓపికగా చెప్పాను. శ్రద్ధగా విని తలూపాడు.

"సరే అన్నా, మిగతా ఫైళ్లకు భాగిస్తాలే. వచ్చేసిన దానికి యాల భాగించాల?"

నేను కాగితం తీసి ఆ మూడు మెగాబైట్ల లెక్క మళ్లీ వేశాను, ఈసారి భాగించకుండా. సరిపోయింది.