ఇల్లు కాని అద్దాల గది

మా తారకేశ్వరరావు మావకి ఒకటే పిచ్చి: తన ఇంటి ముందు తానే కట్టించిన అద్దాల గది ఇల్లు కాదంటాడు.

పలాసలో జనమంతా నీడ వెతుక్కుంటుంటే, మావ ఎండని పట్టి అద్దాల్లో బిగించాడు. మే నెలలో అందులో జీడిపిక్కలు పోస్తే బట్టీతో పనిలేదు, వాటంతటవే వేగుతాయి. ముసురు పట్టినప్పుడు మాత్రం అంత సుఖమైన చోటు ఊళ్లోనే లేదు.

"ఎన్ని గదులు మావా?" అంటే "మూడు" అనేవాడు.

"అద్దాలదానితో నాలుగు కదా?"

"అది ఇల్లు కాదురా! గడపేదీ?"

నిజమే, దానికి గడప పెట్టనివ్వలేదు. దమయంతత్త పోరి పోరి టేకు గడప చేయిస్తే, మావ దాన్ని పెరట్లో పడేసి, దానిమీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"గడపమీద కూకుంటారేటండీ!" అని అత్త లబలబలాడింది.

"బిగించాకే గడప. అందాకా ఇది దుంగ."

ఇదంతా పన్ను ఎగ్గొట్టడానికేనని వీధి వీధంతా తేల్చేసింది. నేనూ అదే అనుకున్నాను.

మున్సిపాలిటీ వచ్చిన కొత్తలో ఇళ్లు కొలిచే వైకుంఠరావు టేపుతో దిగాడు. బయట వాన. తీరం నుంచి చేపలమ్ముకోడానికి వచ్చే పైడితల్లి, గంప దింపుకుని అద్దాల గదిలో కూర్చుని ఉంది.

"కప్పుంది, గోడలున్నాయి. ఇదీ ఇంట్లోకే వత్తాదండీ" అన్నాడు వైకుంఠరావు.

"రాదు!" మావ టేపుమీద కాలేశాడు. "పన్నెంతైనా ఏసుకో, కడతాను. ఇల్లని మాత్రం రాసేవంటే ఊరుకోను!"

వైకుంఠరావు తెల్లబోయాడు. నేనూను.

"పన్ను కడతానంటన్నారు, ఇల్లు కాదంటన్నారు. ఇదేటి బాబూ?"

మావ గొంతు తగ్గించాననుకున్నాడు. రైల్వే స్టేషన్ దాకా వినిపించింది.

"ఇల్లని రాత్తే మా ఆవిడ గడప బిగించేత్తాది. నీసుగంపతో గడప తొక్కనని ఈ పైడితల్లికి పట్టింపు. మరి వానొత్తే ఇదెక్కడ కూకుంటాది? సెప్పు!"

"నానెల్లిపోతానులే బాబూ" అని పైడితల్లి లేవబోయింది.

"కూకో!" అని గద్దించాడు మావ.

లోపలి నుంచి దమయంతత్త అంతా వింది. పైడితల్లికి వేడి టీ ఇచ్చింది, మావ చేతిలో చీపురు పెట్టింది.

"ఇల్లు కాదు కదా? ఇల్లు కానిదాన్ని ఇల్లాలు ఊడవదు. పొలుసులన్నీ మీరే ఎత్తుకోండి."

మర్నాటి నుంచి మావే ఊడుస్తున్నాడు. దారినపోయేవాళ్లు కావాలనే ఆగుతారు.

"ఇల్లూడుత్తన్నావా మావా?"

మావ చీపురు పైకెత్తి మరీ అరుస్తాడు.

"ఇది ఇల్లు కాదు!"