సైలస్ గారి నిజం పుస్తకాల బీరువా

బందెల సైలస్ గారు సొంత ఊళ్ళో మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకానే చదివారు. ఆ మాట ఆయనే ముందు చెబుతారు, తరువాత చెప్పబోయేవాటికి బరువు రావాలని. ఆ చదువుతోనే రైల్వేలో ఖలాసీగా చేరి, డిపార్టుమెంటు పరీక్షలన్నీ మొదటిసారికే గట్టెక్కి, సిగ్నల్ మెయింటెయినర్‌గా రిటైరయ్యారు. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో ఆయన చేతి కింది సిగ్నల్ వల్ల ఏ బండీ ఐదు నిమిషాలు ఆగలేదు. రైల్వే వారోత్సవాల్లో ఆయనకు రెండుసార్లు శాలువా కప్పారు. చర్చి క్వయర్‌లో ఇరవై రెండేళ్ళు పాడారు. వీటన్నిటికీ మించి, రిటైరయ్యాక ఆయన చదివిన పుస్తకాలు నాలుగు వందల పన్నెండు.

పుస్తకాలంటే కథలూ నవలలూ కావు. గుండె ఎలా కొట్టుకుంటుందో, తేనెటీగ గూడు ఎలా కడుతుందో, నిజాం కాలంలో రైలు పట్టాలు ఎవరు పరిచారో, ఎదిగే పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్పేవి. చదువుకున్నవాళ్ళు నాన్‌ఫిక్షన్ అంటారు. సైలస్ గారు 'నిజం పుస్తకాలు' అంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక భోంచేసి, బస్సెక్కి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల ముందు కూర్చుని పదకొండేళ్ళుగా ఏరుకొచ్చినవి రెండు వందల పైచిలుకు. వాటిని మెట్టుగూడలో తమ చర్చి వరండాలో ఆకుపచ్చ ఇనప బీరువాలో సర్ది, పక్కన మేకుకు ఒక రిజిస్టరు వేలాడదీశారు. పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, తేదీ, సంతకం. రైల్వే మనిషి కదా, రిజిస్టరు లేని పని ఆయనకు పనే కాదు.

ఇప్పుడు ఆ బీరువాకే ఎసరొచ్చింది. కమిటీ సెక్రటరీ పాల్ ఒక ఉదయం మెల్లగా కదిపాడు.

"అంకుల్, ఏమనుకోవద్దు. కొత్త డ్రమ్స్ సెట్టు వస్తున్నది. పెట్టనీకి జాగా లేదు. బీరువా తీసేద్దామంటున్నరు."

"తీసేసి పుస్తకాలేం చేస్తారు?"

"ఎవరికన్నా ఇచ్చేస్తం. ఏడాదిల ముగ్గురే తీస్కున్నరు. రిజిస్టర్ మీదే గద."

తనదే. ఆయన రిజిస్టరు అబద్ధం చెప్పదు.

"ఈ నెల మూడు ఆదివారాలు చూస్తం. ఓ పదిహేను బుక్కులు బయటికి పోతే కమిటీల నేనే మాట్లాడ్త. లేకుంటే నన్ను పరేషాన్ జెయ్యొద్దు."

మొదటి ఆదివారం ప్రకటనల సమయంలో సైలస్ గారు లేచి తొమ్మిది నిమిషాలు మాట్లాడారు. అందులో నాలుగు వందల పన్నెండు అనే మాట రెండుసార్లు వచ్చింది, శాలువాలు ఒకసారి వచ్చాయి. తేనెటీగల పుస్తకాన్ని మూడు రోజుల్లో ముగించిన సంగతి కూడా చెప్పారు. పాస్టరయ్యగారు గడియారం చూసుకున్నారు. అందరూ ఆమేన్ అని టీ దగ్గరకు వెళ్ళిపోయారు. బీరువా వైపు ఒక్క పిట్ట రాలేదు.

రెండో ఆదివారం ఆయన పద్ధతి మార్చారు. ఎవరికి ఏది పనికొస్తుందో వారమంతా ఆలోచించి, డాక్టరు మందు రాసిచ్చినట్టు పుస్తకాన్ని నేరుగా చేతిలో పెట్టడం మొదలుపెట్టారు. మొదటిది క్వయర్ నడిపే కాంతమణికి.

"ఏమిటండీ ఇది?"

"కోపం గురించమ్మా. చాలా మంచి పుస్తకం. నూట నలభయ్యో పేజీ తప్పకుండా చదువు."

"అంటే నేను కోపిష్టిదాన్నంటారా?"

"అబ్బే, నేనలా అన్నానా?"

"అనడమెందుకూ, చేతిలో పెట్టారుగా! పాటలో శ్రుతి తప్పితే ఒక మాటంటాను. అది కోపమా? చెప్పండి, అది కోపమా?"

ఆ గొంతుకు వరండాలో టీ తాగుతున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆ పుస్తకం తిరిగి సంచిలోకే వెళ్ళింది, మిగతావి బయటికి రానేలేదు.

అందరూ వెళ్ళాక, కార్ఖానా ఏరియా బడిలో టీచరుగా పనిచేసే జెనిఫర్ కప్పులు సర్దుతూ దగ్గరకొచ్చింది.

"అంకుల్, ఒక మాట చెప్తా. కోపం జేస్కోవద్దు."

"దానికి నా దగ్గర పుస్తకం ఉందిలే అమ్మా, చెప్పు."

"మేబెల్ ఆంటీ జ్ఞాపకశక్తి బుక్కు తీస్కున్నది, యాదికుందా? రిజిస్టర్ల ఎవరో చూసిన్రు. వారం తిరగకముందే ఆమెకు మతిమరుపు వచ్చిందని ఒకటే ఫోన్లు. కోడలు సుత లాకర్ తాళం నాకియ్యమని అడిగిందంట!" నవ్వి, గొంతు తగ్గించింది. "నిజం పుస్తకం తీస్కుంటే ఇంట్ల ఏదో ఉన్నట్టే అంకుల్. మీరు చేతికిస్తే ఇంకా ఘోరం. పెద్దమనిషి మన తప్పు పట్టిండంటరు."

"నీకేమైనా కావాలా మరి?"

ఆమె అటూ ఇటూ చూసింది. "ఎదిగే పిల్లల మీద ఒకటుంది గద... వద్దులెండి."

ఇంటికి తెచ్చుకున్న రిజిస్టరును సైలస్ గారు ఆ వారమంతా ముందేసుకుని కూర్చున్నారు. పదకొండేళ్ళ రిజిస్టరులో తన పేరు ఒక్కచోటా లేదు. పుస్తకాలు తనవే కాబట్టి రాసుకునే పని పడలేదు. ఏది ఎందుకు చదివారో ఎవరికీ తెలియదు. షుగరు జబ్బు పుస్తకం నాలుగుసార్లు చదివారు. ఎందుకో భార్య ప్రేమమణికి కూడా తెలియదు. మెట్టుగూడలో ఎవరి కంటా పడకూడదని రెండేళ్ళ కిందట రాంగోపాల్‌పేట్ దాకా వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకున్నారు. మాత్రలు పాత పనిముట్ల డబ్బాలో దాచారు. డెబ్భై దాటినా ఒక్క మాత్ర ఎరగనని ప్రతి పెళ్ళిలోనూ చెప్పుకున్న నోరు మరి. శాలువాలైనా వదులుకోవచ్చుగానీ ఆ మాట వదులుకోవడం ఎలా?

మూడో ఆదివారం ఆయన ప్రకటనల్లో లేవలేదు. ఎవరికి జరిగిన మేలు వాళ్ళు నలుగురిలో చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచారు.

"అందరికీ వందనాలు. నేను ఇప్పటికి నాలుగు వందల..." అని ఆగిపోయారు. "నాకు షుగరుంది. రెండేళ్ళయింది."

"రెండేళ్ళా!" ఆడవాళ్ళ వైపు నుంచి ప్రేమమణి లేచి నిలబడింది.

"కూర్చో, చెబుతున్నాను."

"నిలబడే వింటాను, చెప్పండి."

పాస్టరయ్యగారు నవ్వు దాచుకోవడానికి తల వంచారు. మిగతావాళ్ళు దాచుకోలేదు.

"షుగరు పుస్తకం మొదటిసారి చదివి, రాసిన డాక్టరు బెదరగొడుతున్నాడని మూసేశాను. రెండోసారి ఆయన ఎక్కడ తప్పు రాశాడో పట్టుకుందామని చదివాను. దొరకలేదు. మూడోసారి, ఆయన చెప్పినట్టు తిన్నాక పది నిమిషాలు నడవడం మొదలుపెట్టాను. నాలుగోసారి చదివేనాటికి షుగరు దిగింది. ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే రాశాడు. అర్థం కాకపోతే విసుక్కోకుండా మళ్ళీ చెబుతాడు. కోపం పుస్తకం కూడా నా కోసం కొన్నదే. మా తమ్ముడితో తొమ్మిదేళ్ళు మాటల్లేవు. అది చదివాక నేనే ఫోను చేశాను. కాంతమ్మా, నాకు పనికొచ్చిందని చెప్పి ఇవ్వవలసింది. నీకు పనికొస్తుందని ఇచ్చాను, అది నా పొరపాటు. ఇక తేనెటీగల పుస్తకం ఎవరి రోగానికీ పనికిరాదు. ఊరికే సంతోషానికి చదవండి."

కూర్చోబోయి మళ్ళీ నిలబడ్డారు. "ఇవాళ్టి నుంచి రిజిస్టరులో మీ పేర్లొద్దు. అన్నీ నా పేరు మీదే రాస్తాను. చూసినవాళ్ళు లోపాలన్నీ సైలస్‌కే ఉన్నాయనుకుంటారు. అనుకోనివ్వండి."

ఆరాధన అయ్యాక టీ కంటే ముందు బీరువా దగ్గర జనం చేరారు. కాంతమణి షుగరు పుస్తకం అడిగింది.

"మా ఆయన కోసం."

"ఎవరి కోసమని నేనడగలేదమ్మా."

"అడగరని తెలిసే చెబుతున్నాను," అంటూ దాని కింద కోపం పుస్తకాన్ని కూడా పెట్టుకుని సంచిలో వేసుకుంది. జెనిఫర్ అటూ ఇటూ చూడకుండానే తనది తీసుకుంది. మేబెల్ గారు తేనెటీగలను పట్టుకెళ్ళారు. గంట తిరిగేసరికి బీరువాలో పదహారు ఖాళీలు కనిపించాయి.

పాల్ వచ్చి రిజిస్టరు తిప్పాడు. "మోకాళ్ళ నొప్పులు, పిల్లల పెంపకం, కొత్తగా పెండ్లయినోళ్ళ లొల్లి... అన్నీ మీరే తీస్కున్నరా అంకుల్? కమిటీకి ఏం జెప్పాలె నేను?"

"మనిషి మరీ పాడైపోయాడు, బీరువా ఉండనివ్వండని చెప్పు."

పాల్ పకపకా నవ్వాడు. "ఉంటది తియ్యండి. డ్రమ్స్ ఆ మూలకు జరుపుత." వెళ్ళబోయి ఆగాడు. "అంకుల్... నిద్ర పట్టనోళ్ళ మీద ఏమన్న ఉందా?"

"రెండో అరలో, ఎడమ చివర."

సైలస్ గారు పదిహేడోసారి తన పేరు రాసి సంతకం పెట్టారు. ఎప్పటిలాగే గుండ్రంగా, కొట్టివేత లేకుండా.

ఇంటికి వెళ్ళే దారిలో ప్రేమమణి రెండడుగులు ముందే నడిచింది. తమ వీధి మలుపులో ఆగింది.

"ఏవండీ, ఆ షుగరు పుస్తకం ఏదీ?"

"కాంతమణి పట్టుకెళ్ళింది."

"నేను చదవకముందే?"

"భోంచేసి ఆబిడ్స్ వెళ్ళి ఇంకోటి వెతుకుతాలే."

"మీరొక్కరే వెళ్ళక్కర్లేదు. నేనూ వస్తాను. పదకొండేళ్ళుగా అక్కడ పుస్తకాలే ఏరుతున్నారో, ఇంకేమైనా తింటున్నారో నాకేం తెలుసు?"

ఆబిడ్స్‌లో టీతో తినే ఉస్మానియా బిస్కెట్ల సంగతి ఇంకా మిగిలే ఉంది. దాన్ని బస్సులో చెబుదామనుకుని, సైలస్ గారు ఆమె పక్కన నడక కొంచెం పెంచారు.